కత్తి పడకుండా హయాటల్ హెర్నియా, గుండెమంటలను అదుపు చేసుకోవడం: సమగ్ర మార్గదర్శి

ఎండోస్కోపీ రిపోర్టులో 'స్లైడింగ్ హయాటస్ హెర్నియా' అన్న ముక్క కనబడగానే, హెర్నియా అన్నారు కాబట్టి ఇక ఆపరేషన్ తప్పదని చాలామంది తేల్చేసుకుంటారు. గజ్జల్లోనో బొడ్డు దగ్గరో వచ్చే హెర్నియా విషయంలో ఆ భయానికి కొంత అర్థముంది గానీ ఇక్కడ లెక్క వేరు. జీర్ణాశయపు పైభాగం ఛాతీలోకి జారడమే హయాటల్ (హయాటస్) హెర్నియా. హయాటల్ హెర్నియాల్లో సుమారు 95 శాతం ఈ జారుడు (స్లైడింగ్) రకానివే. వీటిలో ఎక్కువ వాటికి శస్త్రచికిత్స అక్కరలేదు, కొందరికైతే అది ఉన్నట్టు కూడా తెలియదు. అయితే ఇంకో వైపు నుంచి కూడా జాగ్రత్త పడాలి. పైకి జారిన జీర్ణాశయాన్ని ఆహారం గానీ, ఆసనం గానీ, కషాయం గానీ తిరిగి కిందికి దించి అక్కడే నిలబెట్టలేవు. మనం తగ్గించుకోగలిగింది హెర్నియాను కాదు, దాని వల్ల ఎగదన్నే ఆమ్లాన్ని. ఈ తేడా ముందే మనసుకు పట్టించుకుంటే "నలభై రోజుల్లో హెర్నియా మాయం" అనే ప్రకటనలకు డబ్బు పోయకుండా ఉంటాం.

అమలాపురం నుంచి భీమవరం దాకా ఈ బాధ ఉన్నవాళ్లను ఎవరిని కదిపినా "కారం మానేశానండీ, పులుపు మానేశానండీ, అయినా తగ్గలేదు" అనే అంటారు. కొట్టు కట్టేసి రాత్రి పదింటికి కడుపునిండా భోంచేసి, పదిన్నరకల్లా నడుం వాలిస్తే కారం మానినా దక్కేది తక్కువే. ఏం తిన్నామనే దానికన్నా ఎప్పుడు తిన్నాం, ఎంత తిన్నాం, తిన్నాక ఒంటిని ఎలా ఉంచాం అన్నవే ఈ జబ్బులో ఎక్కువ బరువు తూగుతాయి. అందుకే ఇక్కడ మెట్లను ఎక్కువ ఫలితమిచ్చే వరసలో పెట్టాను. తినే పదార్థాల ముచ్చట నాలుగో మెట్టుకు గానీ రాదు.

లోపల జరిగేది

ఛాతీకీ పొట్టకూ మధ్య ఉదరవితానం, అంటే డయాఫ్రమ్ అనే పలచని కండరం గొడుగులా పరచుకుని ఉంటుంది. అందులోని ఒక రంధ్రం గుండా అన్నవాహిక కిందికి దిగి జీర్ణాశయంలో కలుస్తుంది. ఆ కలిసే చోట అన్నవాహిక చివర ఒక కండర కవాటం ఉంది, దాని చుట్టూ ఉదరవితానపు కండరం కూడా పట్టులా బిగిసి ఉంటుంది. ఈ రెండూ ఒకే చోట ఉన్నంతకాలం ఆమ్లం పైకి రావడం కష్టం. వయసుతోనో, పొట్టలో ఒత్తిడి పెరగడం వల్లనో, గర్భధారణ వల్లనో ఆ రంధ్రం సాగి, జీర్ణాశయపు పైభాగం ఛాతీలోకి జారితే రెండు పట్లూ విడిపోతాయి. కాలువ తూము తలుపు చెక్కుచెదరకపోయినా గాడిలోంచి తప్పుకుంటే నీరు కారుతుంది కదా, ఇదీ అలాంటిదే. పైకి జారిన ఆ సంచిలో కొంత ఆమ్లం నిలిచి ఉండి, మింగేటప్పుడు కవాటం తెరుచుకున్నప్పుడల్లా అన్నవాహికలోకి చిమ్ముతుంది.

దీనికి తోడు, జీర్ణాశయం పైభాగం సాగినప్పుడు తేన్పు బయటికి పోవడానికి ఆ కవాటం దానంతట అదే కొన్ని క్షణాలు సడలుతుంది. కడుపు ఎంత ఉబ్బితే అన్ని సార్లు సడలుతుంది. కింద చెప్పే మెట్లలో సగానికి ఆధారం ఈ ఒక్క సంగతే.

మొదలుపెట్టే ముందు ఆగవలసినవారు

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టుండి, నొప్పి ఎడమ చేతికో దవడకో వీపుకో పాకి, చెమటలు పట్టి, ఆయాసం వస్తే దాన్ని గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకూడదు. 108కి ఫోన్ చేయాలి, ఈసీజీ తీయించాలి. షుగర్ ఉన్నవారిలో, పెద్ద వయసు ఆడవారిలో గుండెపోటు కేవలం పైకడుపు నొప్పిలా, వికారంలా కూడా రావచ్చు. గుండెది కాదని తేలిన తరవాతే గ్యాస్ మాట ఎత్తాలి. ఈ వ్యాసంలో మిగతా ఏది పాటించకపోయినా ఫరవాలేదు, ఇది మాత్రం పాటించండి.

ముద్ద గొంతు దిగకపోవడం లేదా మధ్యలో అడ్డుపడడం, ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోవడం, రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, రక్తహీనత, ఆగని వాంతులు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు ఎండోస్కోపీ, తరవాతే ఇంటి పద్ధతులు. ఐరన్ మాత్రలు వేసుకునేవారికి కూడా విరేచనం నల్లగా అవుతుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. యాభై దాటిన మగవారు, బొజ్జా, పొగ అలవాటూ ఉండి అయిదేళ్లకు పైగా గుండెమంటతో నెట్టుకొస్తుంటే, లక్షణాలు తీవ్రంగా లేకపోయినా ఒకసారి ఎండోస్కోపీ చేయించుకోవడం మంచిది. అన్నవాహిక లోపలి పొర మారిపోయే బారెట్స్ అనే స్థితి పైకి ఏమీ చెప్పకుండానే మొదలవుతుంది.

రిపోర్టులో 'పారాఈసోఫేజియల్' అని ఉంటే అది జారుడు రకం కాదు. జీర్ణాశయం అన్నవాహిక పక్కగా పైకి దూరి మెలిపడే ప్రమాదం ఉన్న రకం. ఆ సందర్భంలో సర్జన్‌ను కలవకుండా ఇంట్లో ఏ ప్రయోగమూ చేయకూడదు.

మొదటి మెట్టు: రాత్రిని సరిచేయడం

పగలు నిటారుగా ఉన్నప్పుడు ఎగదన్నిన ఆమ్లాన్ని భూమ్యాకర్షణ కిందికి లాగుతుంది, ఊరే లాలాజలం దాని పదునును తగ్గిస్తుంది. నిద్రలో ఈ రెండు సాయాలూ ఉండవు. పడుకున్నాక మింగడం దాదాపు ఆగిపోతుంది, లాలాజలం తగ్గిపోతుంది, పైకి వచ్చిన ఆమ్లం అక్కడే చాలాసేపు నిలుస్తుంది. అన్నవాహిక పుండు పడడం, పొద్దున్నే గొంతు బొంగురు, రాత్రి పొడిదగ్గు, నోట్లో పులిసిన నీళ్లు, ఇవన్నీ ఎక్కువగా రాత్రి లెక్కలోవే. అందుకే ఈ మెట్టు మీద రెండు వారాలు నిలబడి, తరవాత ముందుకు వెళ్లమంటాను.

భోజనానికీ పడకకూ మధ్య కనీసం మూడు గంటలు ఉండాలి. పదింటికి పడుకునేవారు ఏడింటికి తినేయాలి. వ్యాపారం ఉన్నవారికి, రాత్రిళ్లు రొయ్యల చెరువుల గట్ల మీద ఏరియేటర్లు చూసుకుంటూ తిరిగేవారికి ఇది కుదరదని తెలుసు. అలాంటివారు అసలు భోజనాన్ని మధ్యాహ్నానికి జరిపి, సాయంత్రం ఆరు, ఏడు మధ్య కొట్టులోనో గట్టు మీదనో రెండు ఇడ్లీలో కొంచెం పెరుగన్నమో తిని, ఇంటికి వచ్చాక మళ్లీ కంచం ముందు కూర్చోకుండా ఉండడమే మార్గం. ఇంటివాళ్లు వడ్డించుకుని కూర్చుంటారు, కాదనడం కష్టమే, కానీ వాళ్లకు కారణం ఒకసారి చెబితే చాలు. షుగర్‌కు మందులు, ఇన్సులిన్ వాడేవారు భోజనం వేళ మార్చే ముందు డాక్టరును అడగాలి, లేకుంటే తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు.

రెండోది మంచం. తలవైపు కోళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు పెట్టాలి. మూడంగుళాల నాటు ఇటుకలు కోడుకు రెండేసి పడుకోబెడితే ఆరంగుళాలు వస్తుంది. గోదావరి వరద వచ్చినప్పుడు లంకల్లో మంచాలెత్తే పద్ధతే, కాకపోతే ఇక్కడ తలవైపు మాత్రమే. కోడు జారకుండా ఇటుక మీద గోనెపట్టా మడిచి వేయాలి. దిండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకోవడం దీనికి బదులు కాదు. అప్పుడు తలా మెడా మాత్రమే లేచి, నడుము దగ్గర శరీరం వంగి పొట్ట నొక్కుకుపోతుంది, దానితో ఆమ్లం ఇంకా తన్నుకొస్తుంది. సాగిపోయిన నవారు మంచం, నులక మంచం కూడా ఇదే తంటా తెస్తాయి. వాటిని బిగించి కట్టించుకోవాలి లేదా చెక్కబల్ల మంచానికి మారాలి. నేల మీద చాప వేసుకుని పడుకునేవారు నడుము నుంచి తల దాకా ఏటవాలుగా లేచే గట్టి దూది దిండు కుట్టించుకోవచ్చు.

మూడోది ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం. ఆ పక్కన పడుకుంటే జీర్ణాశయంలోని ఆమ్లపు మట్టం అన్నవాహిక ముఖద్వారం కన్నా కిందికి ఉంటుంది, కుడి పక్కన పడుకుంటే ముఖద్వారమే ఆమ్లంలో మునుగుతుంది. మన పెద్దవాళ్లు మధ్యాహ్నం భోజనమయ్యాక వామకుక్షి అంటూ ఎడమ వైపు ఒరిగేవారు. పక్క ఎంపిక సరైనదే గానీ, హెర్నియా ఉన్నవారు తిన్న వెంటనే ఒరగడం మాత్రం వద్దు. పడక కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంటే చాలు.

రెండో మెట్టు: ఎంత తింటున్నాం

రెండు పెద్ద భోజనాలను నాలుగు చిన్న వాటిగా విడగొట్టుకోవాలి. ఇంకో నాలుగు ముద్దలు పట్టేటంత ఖాళీ ఉండగానే లేవాలి. మన జిల్లాల్లో ఇది చెప్పినంత తేలిక కాదని ఎవరికి తెలియదు? పెట్టేవాళ్లకు 'వద్దు' అన్న మాట వినబడదు, సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడి సంగతి చెప్పనే అక్కరలేదు. పెళ్లి బంతిలో అన్నీ వడ్డించాక ఎంచుకోవడం కన్నా, వడ్డించేటప్పుడే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం మేలు.

భోజనం మధ్యలో చెంబెడు నీళ్లు తాగితే కడుపు ఉబ్బుతుంది, కాబట్టి గుక్కలు గుక్కలుగా తాగి, మిగతా నీళ్లు రెండు భోజనాల నడుమ తాగాలి. పొద్దున్నే లీటరు, లీటరున్నర నీళ్లు ఒక్క బిగిన తాగే అలవాటు ఆరోగ్యవంతుల మాటేమో గానీ, ఈ బాధ ఉన్నవారికి సరిపడదు. నేల మీద బాసింపట్టు వేసుకుని కంచం మీదకు వంగి తింటే పొట్ట మడత పడుతుంది, కంచాన్ని పీట మీద పెట్టుకుంటే వెన్ను నిటారుగా ఉంటుంది. తిన్నాక పావుగంట నెమ్మదిగా నడవాలి.

మూడో మెట్టు: పొట్ట మీద ఒత్తిడి

బొజ్జ ఉన్నవారికి బరువు తగ్గడాన్ని మించిన మందు లేదు. మనవాళ్లలో నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే ఎక్కువ కిందే లెక్క. 80 కిలోల మనిషి 5 నుంచి 8 కిలోలు తగ్గినా గుండెమంటలో తేడా తెలియడం సాధారణం. బరువు తగ్గడానికి ఇప్పుడు వాడుతున్న కొత్త ఇంజెక్షన్లు జీర్ణాశయం ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తాయి కాబట్టి, వాటితో మంట పెరిగితే ఆశ్చర్యపోకుండా డాక్టరుకు చెప్పాలి.

ప్యాంటు బెల్టు, బిగించి కట్టిన లంగా బొందు, పొట్ట తగ్గుతుందని అమ్మే నడుంపట్టీలు, ఇవన్నీ లోపలి ఒత్తిడిని పెంచేవే. ధాన్యం బస్తా 75 కిలోలు ఉంటుంది. ఊపిరి బిగబట్టి దాన్ని భుజానికెత్తుకునే క్షణంలో పొట్టలోని ఒత్తిడి అంతా ఆ రంధ్రం మీదే పడుతుంది. మేత బస్తాలు ఎత్తేవారు, కొబ్బరికాయలు ఒలిచేవారు, వంగి నాట్లు వేసేవారు ఆ పని మానుకోలేరు. కానీ తిన్న వెంటనే కాకుండా పనికి ముందు తేలికగా తిని, అసలు భోజనం పని ముగిశాక చేయవచ్చు, బస్తాను ఇద్దరు పట్టవచ్చు, ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదలవచ్చు.

మలబద్ధకాన్ని ఎవరూ ఈ జబ్బుతో ముడిపెట్టరు, కానీ రోజూ పొద్దున్నే ముక్కడమంటే రోజూ బస్తా మోసినట్టే. కూరలో పీచు, చాలినన్ని నీళ్లు, అవసరమైతే ఇసబ్‌గోల్ వాడుకోవాలి. ఆగని దగ్గు ఉంటే దానికీ వైద్యం చేయించుకోవాలి.

నాలుగో మెట్టు: కంచంలో ఏముంది

ఇక తిండి. పులుసులో ఉండే పులుపు, జీర్ణాశయంలో సహజంగా ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ముందు దేనికీ చాలదు. పులుపూ కారమూ చేసేదల్లా అప్పటికే ఒరిసిపోయిన అన్నవాహికను మండించడం. ఆమ్లాన్ని పైకి పంపేది ఎక్కువగా నూనె, నెయ్యి. కొవ్వు కడుపును త్వరగా ఖాళీ కానివ్వదు, కవాటాన్నీ సడలిస్తుంది. కాబట్టి మధ్యాహ్నం వేడన్నంలో కలిపిన ఒక్క ఆవకాయ బద్ద కన్నా, సాయంత్రం అయిదింటికి తిన్న మిరపకాయ బజ్జీలూ, రాత్రి మిగిలిన గారెలూ ఎక్కువ చేటు చేస్తాయని నా లెక్క. ఆవకాయ ఊటలో ఎర్రగా తేలే నూనెను పక్కకు వంచేసి, ముక్క మాత్రం వేసుకోవడం ఒక మధ్యేమార్గం.

వానాకాలంలో పులస వస్తే వద్దనుకోమని ఎవరికీ చెప్పను, చెప్పినా వినరు. మధ్యాహ్నం ఒక ముక్కతో, పులుసు తక్కువగా తింటే చాలామందికి ఇబ్బంది రాదు. పెసరట్టు ఉప్మాతో కలిపి రెండు పూటల భోజనమంత అవుతుంది కాబట్టి, ఉప్మా లేకుండా నూనె తగ్గించి ఒకటి తినాలి. మినప దిబ్బరొట్టెకన్నా అదే పిండితో వేసిన ఇడ్లీలు, పనసాకుల బుట్టల్లో ఉడికే పొట్టిక్కలు హాయి. తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకు పగటిపూట ఒకటికి మించకుండా చూసుకోవాలి. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయ కూరలు, ముద్దపప్పు, చక్రకేళి అరటిపండు, కొబ్బరినీళ్లు చాలామందికి సరిపడతాయి. తాజా పెరుగును చిలికిన పలచటి మజ్జిగ మంచిదే, రెండో రోజుకు పులిసినదీ, బాగా పులిసిన తరవాణీ కొందరికి మంట తెస్తాయి. పాలు తాగగానే చల్లబడినట్టుంటుంది గానీ కాసేపటికి వాటిలోని ప్రోటీను, కాల్షియం మరింత ఆమ్లాన్ని ఊరిస్తాయి, కాబట్టి పడుకునే ముందు గ్లాసుడు పాలు మందు కాదు.

కాఫీ, టీ, చాక్లెట్, పుదీనా కొందరిలో కవాటాన్ని సడలిస్తాయి. భోజనమయ్యాక వేసుకునే కిళ్లీలోని పిప్పరమెంటూ పుదీనా జాతిదే. అందరికీ ఒకే నిషేధాల చిట్టా ఇవ్వడం నాకు నచ్చదు. చిన్న నోటుపుస్తకంలో రెండు వారాల పాటు తిన్నదీ, వేళా, మంట వచ్చిన సమయమూ రాసుకుంటే ఎవరి శత్రువులు వారికి బయటపడతాయి. అనుమానం ఉన్నదాన్ని ఒక్కొక్కటిగా వారం మాని, మళ్లీ తిని చూడాలి. అన్నీ ఒకేసారి మానేస్తే దేని వల్ల తగ్గిందో తెలియదు, నోరు చచ్చిపోయి నెల తిరక్కుండానే అన్నీ మళ్లీ మొదలవుతాయి.

చుట్ట, సిగరెట్, మద్యం కవాటానికి శత్రువులే. పొగ లాలాజలాన్ని కూడా తగ్గిస్తుంది. దీనికి బేరం లేదు.

అయిదో మెట్టు: పొట్టతో ఊపిరి

ఉదరవితానం కండరం కాబట్టి దానికీ సాధన ఉంటుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్ వైద్యులు 2012లో ప్రచురించిన ఒక చిన్న పరీక్షలో, నాలుగు వారాలు పొట్టతో ఊపిరి తీసే సాధన చేసినవారిలో అన్నవాహికకు తగిలే ఆమ్లం తగ్గింది. సాధన కొనసాగించినవారికి తొమ్మిది నెలల తరవాత మందుల వాడకమూ తగ్గింది. పెద్ద హెర్నియా ఉన్నవారిని ఆ పరీక్షలో చేర్చుకోలేదు కాబట్టి, దీన్ని చిన్న హెర్నియాలకు పనికొచ్చే సాధనగా చూడడమే న్యాయం.

పరగడుపునో, తిన్న రెండు గంటలకో వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవాలి. ఒక చెయ్యి రొమ్ము మీద, ఒక చెయ్యి బొడ్డు పైన పెట్టాలి. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి తీసుకుంటూ కింది చెయ్యి పైకి లేవనివ్వాలి, పై చెయ్యి కదలకూడదు. ఆరు అంకెలు లెక్కపెడుతూ పెదవులు కొంచెం తెరిచి వదలాలి. మొదట్లో రొమ్మే లేస్తుంటుంది. అప్పుడు బొడ్డు మీద ఒక పుస్తకం పెట్టి దాన్ని కళ్లతో చూస్తూ చేస్తే పట్టు దొరుకుతుంది. పది నిమిషాల చొప్పున రోజుకు రెండు, మూడు సార్లు చేయాలి. వారం తరవాత కూర్చుని, ఆపైన నిలబడి చేయడం అలవాటు చేసుకోవాలి.

వజ్రాసనం ఫరవాలేదు. సర్వాంగాసనం, హలాసనం, కపాలభాతి, భస్త్రిక, పొట్ట బిగించి చేసే వ్యాయామాలు వద్దు.

మాత్రలతో తగువు అక్కరలేదు

సహజ పద్ధతి అంటే మాత్రలన్నీ పారేయడం కాదు. పుండు పడిన అన్నవాహిక మానడానికి, ఆమ్లం ఊరడాన్ని తగ్గించే పాంటాప్రజోల్ వంటి మందు సాధారణంగా ఎనిమిది వారాలు ఇస్తారు. అది ఆహారానికి 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకుంటేనే సరిగా పని చేస్తుంది, తిన్నాక వేసుకుని 'పని చేయట్లేదు' అనేవారు ఎంతోమంది. దీర్ఘకాలం వాడి ఒక్కసారి ఆపేస్తే కొన్ని వారాలు ఆమ్లం మునుపటికన్నా ఎక్కువ ఊరుతుంది. దాన్ని చూసి జబ్బు ముదిరిందనుకోకూడదు, డాక్టరు చెప్పిన ప్రకారం మోతాదు మెల్లగా తగ్గించుకోవాలి. భోజనం తరవాత వేసుకునే ఆల్జినేట్ సిరప్‌లు, సముద్రపు నాచు నుంచి తీసినవి, జీర్ణాశయంలోని పదార్థం మీద తెప్పలా తేలి ఆమ్లాన్ని పైకి రానివ్వవు. హెర్నియా ఉన్నవారికి ఇవి బాగా అక్కరకొస్తాయి.

మోకాళ్ల నొప్పికీ నడుం నొప్పికీ ఆర్‌ఎంపీ దగ్గర వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కడుపును ఒరిపిస్తాయి. బీపీ, ఆయాసం, గుండెనొప్పి మందుల్లో కొన్ని కవాటాన్ని సడలిస్తాయి. వీటిని సొంతంగా ఆపకుండా, బదులు మందు ఉందేమో అడగాలి. ఏ మాత్రనైనా నిటారుగా ఉండి గ్లాసు నిండా నీళ్లతో మింగాలి.

గోలీ సోడా, ఈనో తాగాక వచ్చే పెద్ద తేన్పుతో హాయిగా అనిపిస్తుంది గానీ, ఆ గ్యాసు కడుపును ఉబ్బించి కవాటాన్ని తెరిపిస్తుంది, ఈనోలోని సోడియం బీపీ ఉన్నవారికి మంచిది కాదు. జీలకర్ర నీళ్లు, సోంపు నమలడం హాని లేనివి, సోంపు లాలాజలాన్ని ఊరిస్తుంది కూడా. అతిమధురం నెలల తరబడి వాడితే బీపీ పెరిగి పొటాషియం తగ్గవచ్చు. పరగడుపున నిమ్మరసం, తేనె చాలామందికి మంట పెంచుతాయి. గోరువెచ్చని నీళ్లు తాగి మడమల మీద దబ్బున దూకితే హెర్నియా కిందికి దిగుతుందనీ, పొట్టను చేత్తో కిందికి లాగితే సర్దుకుంటుందనీ చెప్పేవాటికి ఆధారం లేదు.

ఎప్పుడు మళ్లీ డాక్టరు దగ్గరకు

మొదటి మెట్టు ఫలితం రెండు, మూడు వారాల్లో తెలుస్తుంది. బరువు, ఊపిరి సాధనల ఫలితానికి నెలలు పడుతుంది. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు నిజాయితీగా పాటించి, మందు సరైన వేళకు వేసుకున్నా మంట తగ్గకపోతే ఆ నోటుపుస్తకంతో గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవాలి. అన్నవాహికలో ఆమ్లాన్ని 24 గంటలు కొలిచే పీహెచ్ పరీక్ష, కండరాల పట్టును కొలిచే మానోమెట్రీ అవసరమా అని అడగాలి. మంట అనుకున్నది ఆమ్లం వల్ల కాదని ఆ పరీక్షల్లో తేలేవారూ ఉంటారు, వారికి ఆపరేషన్ చేసినా బాధ పోదు. ఆమ్లమేనని రుజువై, మందులతో అదుపు కాకపోతేనో, రాత్రిళ్లు తిన్నది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంటేనో, హెర్నియా పెద్దదై రక్తహీనత తెస్తుంటేనో అప్పుడు ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల) ద్వారా చేసే ఫండోప్లికేషన్, అంటే జీర్ణాశయపు పైభాగాన్ని అన్నవాహిక కింది చివర చుట్టూ చుట్టి కుట్టే ఆపరేషన్ గురించి సర్జన్‌తో మాట్లాడవచ్చు. ఆ ఆపరేషన్ తరవాత కూడా చిన్న భోజనాలూ, బరువులెత్తడంలో జాగ్రత్తలూ కొనసాగించవలసిందేనని సర్జన్లే చెబుతారు.